జోలపాటలు

పసిపిల్లలను నిద్రపుచ్చేటప్పుడు పాడే తెలుగు గేయాలు. లాలిపాటలు, ఊయలపాటలు అనీ అంటారు. వరంగల్ పల్లెల్లో ఊయలను తొట్టెల అంటారు. బిడ్డను మొదటిసారి అందులో వేసే వేడుకలోనూ ముత్తైదువలు ఈ పాటలు పాడతారు కాబట్టి, నిద్రపుచ్చడమే వీటి పని అనుకోవడం సగం నిజమే.

వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు (1925–2010) ఇలాంటి నోటి పాటలకు విశ్వవిద్యాలయ స్థాయిలో గౌరవం తెచ్చారు. ఉస్మానియాలో ఆయన చేసిన పరిశోధన 'తెలుగు జానపద గేయసాహిత్యము' పేరుతో గ్రంథంగా వచ్చింది.

పాట తొట్టెల ఊపును బట్టి నడుస్తుంది. 'జోజో', 'లాలి' అనే మాటలు ఊపు మళ్లే చోట పడతాయి. అర్థం తర్వాతి సంగతి. ఊహకు మాత్రం కొదవలేదు. చంద్రుడు మేనమామ అవుతాడు, బూచోడు తలుపవతల కాచుకుని ఉంటాడు, తొట్టెలలోని బిడ్డ రాముడో కృష్ణుడో అయిపోతాడు. పుట్టింటి బెంగ, అత్తింటి చాకిరీ కూడా ఇదే వరుసలో దూరతాయి. వినే బిడ్డకు అర్థం కాదు కనుక తల్లికి మనసు విప్పే వీలుంటుంది. ఈ పాటల్లో అసలైన కవిత్వం ఎక్కువగా అక్కడే ఉంది.

పల్లె తల్లులే కాదు, వాగ్గేయకారులూ జోలలు కట్టారు. అన్నమయ్య (1408–1503) వేంకటేశ్వరునికి జోలలు కట్టాడు. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోనూ లాలిపాటలున్నాయి. కచేరీ సంప్రదాయంలో వీటికి నీలాంబరి, నవరోజు రాగాలు పేరుపడ్డాయి.