మరచుట్టు కథ

కొల్లేటి ప్రాంతము 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. అక్కడి పక్షులపై నేడు గురిపెట్టదగినది కెమేరా మాత్రమే. ఆటపాకలో పెలికాన్ పక్షులను చిత్రించుటకు వచ్చువారు కెమేరాను మూడుకాళ్ళ స్టాండుపై మరతో బిగింతురు. కెమేరా ఒక దేశములోను, స్టాండు వేరొక దేశములోను తయారైయుండవచ్చును. అయినను రెండును చక్కగా కలియును. కెమేరా అడుగున సాధారణముగా ఉండు రంధ్రము పావు అంగుళము వ్యాసము, అంగుళమునకు 20 చుట్లు గల మరకు సరిపోవునట్లు చేయబడినది. మీటరు పద్ధతి వచ్చిన తరువాత కూడ ఈ అంగుళపు కొలత ఎట్లు నిలిచినది?

లోహములో మర కోయుట రెండు దశలలో జరుగును. మొదట డ్రిల్లుతో రంధ్రము చేయుదురు. తరువాత ట్యాపు అను గట్టి ఉక్కు పనిముట్టును అందులో త్రిప్పి, రంధ్రపు గోడలలో చుట్లు కోయుదురు. రంధ్రము పెద్దదైనచో చుట్లకు లోతు చాలక మరమేకు ఊడివచ్చును. చిన్నదైనచో ట్యాపు విరిగి లోపలనే చిక్కుకొనును. కావున మర వ్యాసమునుండి రెండు చుట్ల మధ్య దూరమును తీసివేసి రంధ్రపు కొలతను నిర్ణయింతురు. 6 మి.మీ. వ్యాసము, 1 మి.మీ. చుట్టుదూరము గల మరకు 5 మి.మీ. డ్రిల్లు కావలెను. పావు అంగుళపు మరకు 0.25 – 0.05 = 0.20 అంగుళము.

ఒకప్పుడు ఏ కర్మాగారపు మర ఆ కర్మాగారమునకే సరిపోయెడిది. ఒక బోల్టు పోయినచో దానికి తగిన దానిని ప్రత్యేకముగా చేయవలసి వచ్చెడిది. 1800 ప్రాంతములో లండనులో హెన్రీ మాడ్స్‌లే, మరలను ఒకే తీరున కోయగల లేతును నిర్మించెను. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ పలు కర్మాగారములనుండి మరలను సేకరించి, వాటి కొలతల సగటు తీసి, 1841లో ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. చుట్టు కోణము 55 డిగ్రీలు. ప్రతి వ్యాసమునకు అంగుళములో ఇన్ని చుట్లు అని నియమము. పావు అంగుళమునకు 20 చుట్లు అనునది ఆ పట్టికలోనిదే. ఏలూరు కాలువకు నీరిచ్చు ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలైనది. ఈ ప్రమాణము దానికంటె ఆరేండ్లు పెద్దది.

విట్‌వర్త్ తుపాకులు కూడ చేసెను. గొట్టము లోపల ఆరు పలకలు గల ఆయన రైఫిలు అమెరికా అంతర్యుద్ధములో (1861–65) వాడబడినది. కొన్నింటి ప్రక్కన డేవిడ్‌సన్ దూరదర్శినిని అమర్చిరి. తుపాకిపై దూరదర్శిని నిలుచుటకు మరలే ఆధారము. రెండు ఆధారముల మధ్య 100 మి.మీ. దూరముండి, ఒకటి 0.1 మి.మీ. ప్రక్కకు జరిగినచో, 100 మీటర్ల దూరమున గురి 100 మి.మీ. తప్పును. సదృశ త్రిభుజములతో విద్యార్థులు దీనిని సరిచూచుకొనవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధములో, మంచి గురి గల లీ-ఎన్‌ఫీల్డ్ 4వ నంబరు రైఫిళ్ళను ఏరి, లండనులోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థకు పంపిరి. బోల్టు కదలాడు ఉక్కు భాగమును రిసీవరు అందురు. దాని ఎడమ ప్రక్కన రంధ్రములు చేసి, మరలు కోసి, ఉక్కు దిమ్మలను బిగించి, వాటిపై దూరదర్శినిని నిలిపిరి. పిమ్మట ప్రతి దూరదర్శినిని దాని తుపాకితోనే సరిచూచి, దాని నంబరును ఆ తుపాకి కొయ్యపై ముద్రించిరి. ప్రమాణము వలన మర ఎక్కడనైనను పట్టును. గురిని మాత్రము దేనికది సరిచూడక తప్పదు.

తాడేపల్లిగూడెములో విమానములకు రన్‌వే వెలసినది కూడ ఆ యుద్ధకాలముననే. ఆనాడు మిత్రదేశములను బాధించిన చిక్కు ఒకటి కలదు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణముతో వేరొక ప్రమాణమును ప్రతిపాదించియుండెను. అర అంగుళపు మరకు విట్‌వర్త్ 12 చుట్లనగా, అమెరికావారు 13 అనిరి. అందుచే ఒకరి బోల్టు మరియొకరి నట్టులో కొంత ఎక్కి బిగుసుకొనెడిది. బలవంతము చేసినచో రెండును చెడెడివి. తుదకు 1948 నవంబరు 18న బ్రిటను, అమెరికా, కెనడా దేశములు 60 డిగ్రీల ఏకీకృత మరకు సమ్మతించెను. పావు అంగుళమునకు 20 చుట్లన్న లెక్క అందులోను నిలిచినది. కెమేరా మర ఆ విధముగా మన కాలమువరకు వచ్చినది.

మన దేశములో తూనికలు, కొలతల ప్రమాణ చట్టము 1956లో వచ్చినది. 1958 అక్టోబరు నుండి మీటరు పద్ధతి క్రమముగా అమలైనది. కాని చట్టము మారినంతనే పాత యంత్రము మారదు. అంగుళపు కొలతల నీటిపంపును బాగుచేయువాడు పొరపాటున 6 మి.మీ. బోల్టును పావు అంగుళపు రంధ్రములో పెట్టవచ్చును. పావు అంగుళమనగా 6.35 మి.మీ.; దాని చుట్టుదూరము 1.27 మి.మీ. బోల్టు వదులుగా పట్టినట్లే కనబడి, బరువు పడినంతనే ఊడును. తిరుగుచున్న యంత్రమున అట్టి బోల్టు ప్రాణాపాయము.

ఉపాధ్యాయులు తరగతిలో కొన్ని పాత బోల్టులను విద్యార్థులకీయవచ్చును. స్కేలు ప్రక్కన పెట్టి 25.4 మి.మీ. పొడవులో ఎన్ని చుట్లున్నవో లెక్కించి, వ్యాసమును కొలిచినచో, అది ఏ ప్రమాణమునకు చెందినదో చాలవరకు తేలును.