ఆకాశవాణి, రేడియో సిలోన్ నడుమ తెలుగు పాట: మామిడికుదురు నుంచి ఒక పరిశీలన

1940లో పారమౌంట్ సంస్థ ‘లవ్ దై నైబర్’ అనే సంగీత హాస్య చిత్రాన్ని విడుదల చేసింది. దర్శకుడు మార్క్ శాండ్రిచ్. అమెరికా రేడియోలో పేరుమోసిన హాస్యగాళ్లు జాక్ బెన్నీ, ఫ్రెడ్ ఆలెన్‌ల మధ్య నడిచిన కయ్యమే ఆ సినిమాకు ముడిసరుకు. 1936 డిసెంబరు 30న ఆలెన్ కార్యక్రమంలో స్టూవర్ట్ కానిన్ అనే పదేళ్ల బాలుడు వయొలిన్ వాయించాడు. ఆ సందర్భంలో బెన్నీ వాయింపును ఆలెన్ వెక్కిరించాడు. బెన్నీ తన కార్యక్రమంలో బదులిచ్చాడు. అక్కడి నుంచి మాటకు మాట పెరిగింది. విడిగా చూస్తే ఇద్దరూ మిత్రులే. ఒకరి మాటకు జవాబు వినాలంటే మరొకరి కార్యక్రమం పెట్టుకోవాలి కాబట్టి ఆ కయ్యం ఇద్దరికీ లాభించింది. చివరికి వెండితెరకూ ఎక్కింది.

తెలుగు రేడియో చరిత్రలోనూ ఒక పోటీ ఉంది. అందులో తలపడినవి రెండు ప్రసార సంస్థలు, రెండు రకాల పాటలు: ఒక పక్క ఆకాశవాణి, దాని లలిత సంగీతం, మరో పక్క రేడియో సిలోన్, అది వినిపించిన సినిమా పాట. ఈ పోటీ గురించి మనకు బాగా అలవాటైన కథ ఒకటుంది. ఢిల్లీలో మంత్రి సినిమా పాటను నిషేధించారనీ, శ్రోతలు అలిగి కొలంబో వైపు తిరిగారనీ ఆ కథ చెబుతుంది. అది తెలుగు శ్రోత విషయంలో ఎంతవరకు నిలుస్తుందో, కోనసీమలోని మామిడికుదురు వంటి ఊరి దగ్గర నిలబడి తేల్చుకోవడమే ఈ వ్యాసం పని.

అలవాటైన కథలో నిజమెంత

కథకు మూలం గట్టిదే. బి.వి.కేస్కర్ 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. 1962 దాకా ఆ పదవిలో ఉన్నారు. శాస్త్రీయ సంగీతాన్ని కాపాడటం రేడియో బాధ్యత అనీ, సినిమా పాట అభిరుచిని పాడుచేస్తుందనీ ఆయన నమ్మకం. సినిమా పాటలకు ప్రసార సమయంలో పది శాతం మించకుండా హద్దు పెట్టారు. పాటలను వడపోసే ఏర్పాటు చేశారు. సినిమా పేరు చెప్పడం ఉచిత ప్రచారం కిందికి వస్తుందంటూ ఆ పేరు వద్దన్నారు, గాయకుల పేరు మాత్రం చాలన్నారు. దాంతో నిర్మాతలు తమ పాటల ప్రసారానికి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకున్నారు. నెలల వ్యవధిలోనే సినిమా పాట ఆకాశవాణి నుంచి దాదాపు మాయమైంది. కనుక దీన్ని ‘నిషేధం’ అని ఒక్క ముక్కలో చెప్పడం పూర్తిగా సరికాదు. ప్రభుత్వం పెట్టిన హద్దూ, నిర్మాతల పట్టుదలా కలిస్తే వచ్చిన ఫలితం అది. ఆకాశవాణి సంగీత పాలనపై డేవిడ్ లెలీవెల్డ్ రాసిన వ్యాసం ఈ ఘట్టాన్ని వివరంగా పరిశీలించింది.

సిలోన్‌కు అప్పటికే బలమైన షార్ట్‌వేవ్ ప్రసార యంత్రాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల సైనికుల కోసం నెలకొల్పిన రేడియో సీయాక్ నుంచి సంక్రమించినవి అవి. వాణిజ్య ప్రకటనలతో నడిచే ఆ కేంద్రం హిందీ సినిమా పాటను నెత్తిన పెట్టుకుంది. 1952 డిసెంబరులో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. ఐదేళ్లకు, 1957 అక్టోబరు 3న, ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించింది. పోయిన శ్రోతలను తిరిగి తెచ్చుకోవడానికే ఈ ఏర్పాటు అన్నది చరిత్రకారులు సాధారణంగా ఒప్పుకునే మాట.

ఇంతవరకు కారణం, ఫలితం చక్కగా కుదిరాయి. అయితే ఇదంతా హిందీ పాట కథ.

తెలుగు దగ్గర తేదీలు కుదరవు

రేడియో సిలోన్ తెలుగు ప్రసారం అనగానే మన పెద్దలు తలుచుకునే పేరు మీనాక్షి పొన్నుదురై. ఆమె గొంతు గురించిన జ్ఞాపకాలు ఎక్కువగా 1960లు, 1970ల నాటివి. కొందరికి అంతకు తర్వాతివి కూడా. సిలోన్ రేడియో 1967లో కార్పొరేషన్‌గా మారింది. 1972లో దేశం పేరు మారడంతో శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది. మన శ్రోతలు మాత్రం ‘సిలోన్’ అనే పిలుస్తూ వచ్చారు.

తెలుగువారు సిలోన్‌ను ఎక్కువగా ప్రేమించిన కాలానికి కేస్కర్ హద్దులు అప్పటికే సడలిపోయాయి. ఆకాశవాణిలో సినిమా పాట మళ్లీ వినిపిస్తోంది. 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగపూర్‌లలో వివిధ భారతి వాణిజ్య ప్రసారాలు కూడా మొదలయ్యాయి. స్వదేశంలో దొరకని సరుకు కోసమే తెలుగు శ్రోత సిలోన్ పెట్టాడంటే, దొరకడం మొదలయ్యాక ఆ మోజు తగ్గాలి. అది తగ్గలేదు. కాబట్టి 1952 నిర్ణయం ఒక్కటే తెలుగు శ్రోత మొగ్గును వివరించలేదు.

మరి ఏది వివరిస్తుంది? రెండు కారణాలు బలంగా కనిపిస్తాయి. మొదటిది పరిమాణం. వివిధ భారతిలో తొలి రోజుల్లో హిందీ పాటదే పెద్ద వాటా. విజయవాడ కేంద్రం వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు, నాటకాలు, శాస్త్రీయ సంగీతం, ప్రసంగాలు అన్నిటికీ చోటివ్వాలి. అందులో సినిమా పాటకు మిగిలేది కొంతే. రెండోది పలకరింపు. సిలోన్ కోరిన పాటలు వేసింది. శ్రోత కార్డు రాస్తే, అతని పేరు, ఊరు చదివి, సినిమా పేరూ గాయకుల పేర్లూ చెప్పి పాట వినిపించింది. కేస్కర్ కాలపు ఆకాశవాణి వద్దన్న సినిమా పేరును సిలోన్ మొదటి వరసలో పెట్టింది. పాట ఏ సినిమాలోదో తెలిసిన శ్రోత ఆ సినిమా తమ ఊరి దగ్గరి హాలుకు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాడు. ఊరి పేరు కొలంబో నుంచి వినబడితే ఆ ఊరంతా కలిసి ఆ కేంద్రానికి శ్రోత అవుతుంది.

ఈ రెండింటిలో రెండోదే బలమైనదని నా అభిప్రాయం. ఆకాశవాణి తర్వాతి కాలంలో ఏం చేసిందో చూస్తే అందుకు ఊతం దొరుకుతుంది. తెలుగులో ‘జనరంజని’ వంటి కార్యక్రమాలు శ్రోతల పేర్లు చదివి, వారు కోరిన పాటలు వేసే పద్ధతినే చేపట్టాయి. పోటీదారు దగ్గర ఏది పనిచేసిందో ఆకాశవాణి దాన్నే నేర్చుకుంది.

మామిడికుదురులో సిగ్నల్, రేవు, సెట్టు

రాజోలు, అమలాపురం నడుమ వైనతేయ పాయకు పడమటి వైపున ఉంది మామిడికుదురు. పటం మీద కొలిస్తే విజయవాడ ఇక్కడికి తిన్నగా సుమారు 135 కిలోమీటర్లు. మద్రాసు 420 కిలోమీటర్ల పైన. కొలంబో దాదాపు 1,100 కిలోమీటర్లు. దూరాన్ని బట్టి చూస్తే పోటీయే ఉండకూడదు. కానీ రేడియో తరంగం దూరాన్ని మనలా లెక్కపెట్టదు. మీడియం వేవ్ పగటిపూట నేల వెంబడి పాకి, దూరం పెరిగే కొద్దీ పలచబడుతుంది. షార్ట్‌వేవ్ పైనున్న అయనోస్ఫియర్‌ను తాకి వందల, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. అందుకే కొలంబో గొంతు కోనసీమకు అందింది. ఆ అందడంలో నిలకడ మాత్రం ఉండదు. గొంతు ఉన్నట్టుండి పెరుగుతుంది, అంతలో సన్నగిల్లుతుంది, పక్క కేంద్రం గరగర మీదపడుతుంది.

వాల్వు సెట్ల కాలంలో ఇల్లాలో, ఇంటి పెద్దో సిలోన్ పట్టాలంటే చేయవలసిన పని చూడండి. మీట నొక్కాక వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. ఇంటి మీద కట్టిన ఏరియల్ తీగ సరిగా ఉండాలి. అద్దం మీద 25, 31, 41 మీటర్ల గుర్తుల మధ్య ముల్లును వెంట్రుకవాసి చొప్పున జరపాలి. విజయవాడకైతే ముల్లు ఒకచోట పెట్టి వదిలేయవచ్చు. సిలోన్‌ను వెతికి పట్టుకోవాలి. ఇంత శ్రమపడి రోజూ విన్నారంటే, ఆ వినడాన్ని కాలక్షేపమని తేలిగ్గా తీసేయలేం.

సెట్ల సంఖ్య విషయంలో జాగ్రత్త అవసరం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఉన్న రేడియో సెట్లు సుమారు 2,75,000. ఆకాశవాణి కేంద్రాలు ఆరు. వాటిలో తెలుగు వినిపించింది మద్రాసు. ఆంధ్ర ప్రాంతానికి సొంత కేంద్రం 1948 డిసెంబరు 1న విజయవాడలో వచ్చింది. హైదరాబాదు కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరింది. రేడియో ఉన్నవారు పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు. ఆ లైసెన్సుల లెక్క సెట్లను చెబుతుంది, చెవులను చెప్పదు. పంచాయతీ రేడియో ముందు సాయంత్రం ఊరు చేరేది. టీ కొట్టు సెట్టు వీధికంతటికీ పాడేది. ట్రాన్సిస్టర్ వచ్చాక అది గట్టు మీదికీ, కొబ్బరితోటలోకీ వెళ్లింది. ఒక సెట్టుకు ఇందరు శ్రోతలని ఏకరువు పెట్టే ఏ అంకెనైనా అనుమానంగానే చూడాలి.

సినిమాకూ రేడియోకూ ఇక్కడ ఉన్న సంబంధంలో నదికి కూడా పాత్ర ఉంది. పాశర్లపూడి, బోడసకుర్రుల నడుమ వంతెన రాకముందు అమలాపురం వెళ్లి సినిమా చూడాలంటే వైనతేయ రేవు దాటాలి. పాటకు రేవుతో పని లేదు. ఇలాంటి చోట చాలామందికి పాట ముందు పరిచయమై, సినిమా తర్వాత వచ్చి ఉంటుందని ఊహించడం న్యాయమే. అదే నిజమైతే, సినిమా పేరు చెప్పడమా మానడమా అన్న చిన్న నియమం విజయవాడ నగరంలో కన్నా లంకగ్రామాల్లో ఎక్కువ ప్రభావం చూపి ఉండాలి.

పోటీలో ఇరువైపులా అవే గొంతులు

ఆకాశవాణి ఈ కాలమంతా చేతులు కట్టుకుని కూర్చోలేదు. సినిమా పాటకు దీటుగా లలిత సంగీతాన్ని పెంచింది. ఇందులో కోనసీమ పాలు చెప్పుకోదగ్గది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జూలై 6న రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో పుట్టారు. వోలేటి వెంకటేశ్వర్లు (1928–1989) రాజోలులో పుట్టారు. ఇద్దరూ విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. ‘భక్తిరంజని’లో బాలమురళి పాడిన రామదాసు కీర్తనలు ఇంటింటా నిలిచాయి. వోలేటి ‘సంగీత శిక్షణ’ ద్వారా గురువు దగ్గరకు వెళ్లలేని వారికి రేడియోలోనే పాఠం చెప్పారు. మామిడికుదురు శ్రోతకు విజయవాడ కేంద్రం పరాయిది కాదు. అందులో తన తాలూకా బిడ్డల గొంతులే వినిపించాయి.

అదే బాలమురళి 1963 నాటి ‘నర్తనశాల’లో సలలిత రాగ సుధారస సారాన్ని బెంగుళూరు లతతో కలిసి పాడారు. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో నారదుడిగా నటించారు. ఉదయం విజయవాడ భక్తిరంజనిలో విన్న గొంతే సినిమా పాటల వేళకూ వినిపించిందన్నమాట. ఆయన ఒక్కరే కాదు. నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు రేడియోలో చేరారు, 1945 నాటి ‘స్వర్గసీమ’ సంగీతంలోనూ పాలుపంచుకున్నారు. ఘంటసాల సినిమాల్లో స్థిరపడకముందు మద్రాసు రేడియోలో పాడారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1951లో ‘మల్లీశ్వరి’కి పాటలు రాశారు, రేడియోకూ రాశారు. రావు బాలసరస్వతీదేవి రేడియో లలిత గీతానికీ సినిమా నేపథ్య గానానికీ తొలితరం గొంతు.

కేస్కర్ నమ్మకం ప్రకారం సినిమా పాట, మంచి పాట రెండు వేరు జాతులు. తెలుగులో వాటిని కట్టినవారు చాలావరకు ఒకరే. ‘మల్లీశ్వరి’ పాటకూ రేడియో లలిత గీతానికీ భాషలో, రాగచ్ఛాయలో ఉన్న దగ్గరితనం అందుకు చెవికి అందే సాక్ష్యం. అయితే ఇది పైస్థాయి కళాకారుల విషయం. అన్ని సినిమా పాటలకూ దీన్ని వర్తింపజేయడం అతి అవుతుంది.

ఇంతవరకు తేలింది

మూడు మాటలు నిలుస్తాయి. ఒకటి: 1952 నిర్ణయం హిందీ శ్రోతను సిలోన్‌కు తరలించిందనడానికి ఆధారం బలంగా ఉంది. తెలుగు శ్రోతకు అదే కారణాన్ని అంటగట్టడానికి కాలక్రమం ఒప్పుకోదు. రెండు: తెలుగులో సిలోన్ ఆకర్షణకు పాటల సంఖ్య కన్నా శ్రోతను పేరుపెట్టి, ఊరుపెట్టి పలకరించిన తీరే ఎక్కువగా తోడ్పడి ఉంటుంది. ఆకాశవాణి తర్వాత ఆ తీరునే చేపట్టడం దీనికి అనుకూలమైన సాక్ష్యం. మూడు: ఆకాశవాణి, సినిమా రంగాల మధ్య మనుషులు అటూ ఇటూ నిరంతరం తిరిగారు. శ్రోత రెంటినీ విన్నాడు. బెన్నీ, ఆలెన్‌ల కయ్యంలో మాదిరిగానే ఇక్కడా పోటీ ఇరుపక్షాలనూ పెంచింది. తేడా ఏమిటంటే అక్కడ కయ్యం ఉత్తుత్తిది. ఇక్కడ అది ఒక ప్రభుత్వ విధానానికీ కోట్ల మంది ఇష్టానికీ మధ్య నిజంగా జరిగింది.

రెండో మాటను గట్టిగా రుజువు చేయగలిగిన సాక్షులు ఇంకా మన మధ్య ఉన్నారు. 1960లలో ముల్లు తిప్పిన చేతులకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. మామిడికుదురు, నగరం, అప్పనపల్లి, పాశర్లపూడి ఊళ్లలో వారిని అడిగేటప్పుడు ‘రేడియో వినేవారా’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకూడదు. ఏ కేంద్రం, ఏ వేళ, ఎవరి సెట్టు, పెళ్లికి ముందా తర్వాతా, కార్డు రాశారా, పేరు చదివారా అని విడివిడిగా అడగాలి. పెళ్లి, వరద, తుపాను వంటి వాటితో ముడిపెడితే జ్ఞాపకానికి తేదీ దొరుకుతుంది. పాత ట్రంకుపెట్టెల్లో లైసెన్సు పుస్తకాలు, పాటల పుస్తకాలు, రాసిపెట్టుకున్న పాటల జాబితాలు దొరికితే ఫోటో తీసి భద్రపరచాలి. మన కళాశాలల తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు ఒక వేసవిలో చేయగలిగిన పని ఇది. కళాకారుల చరిత్ర మనం కొంత రాసుకున్నాం. ఆ కళాకారులను నిలబెట్టిన శ్రోతల చరిత్ర రాయడం ఇంకా బాకీ ఉంది. ఆ పెద్దలు చెప్పగలిగినప్పుడే దాన్ని తీర్చుకోవాలి.