ప్రతిభాన్వేషణ – పరీక్ష భాష

తెలివైన పిల్లలను గుర్తించి ప్రత్యేకంగా చదివించే బాధ్యతను స్వతంత్ర భారతదేశంలో ప్రభుత్వమే తలకెత్తుకొన్నది. ఆ ప్రయత్నాలలో ప్రతిభకు, భాషకు గల సంబంధం మొదటినుండీ చిక్కుముడిగానే ఉన్నది. తెలుగు రాష్ట్రాల వెలుపల చదువుకొంటున్న విద్యార్థులు ఈ చరిత్రను తెలుసుకోవడం అవసరమని భావిస్తున్నాము.

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 1963లో విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణను ఢిల్లీలో 10 ఉపకారవేతనాలతో ఆరంభించి, 1964లో 350 వేతనాలతో దేశమంతటికీ విస్తరింపజేసింది. 1976లో సాంఘిక శాస్త్రాలు కూడ అందులో చేరాయి. 2021 తరువాత ఆ పథకం నిలిచిపోయింది. అది వేతనమిచ్చింది గాని బడి ఇవ్వలేదు. పల్లెటూరి బిడ్డకు ముందు కావలసింది మంచి బడి.

ఆ లోటు తీర్చే ప్రయత్నం తెలుగునాట జరిగింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసింది. మరుసటి ఏడు కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్ళి పాఠశాలలు వచ్చాయి. ప్రవేశ పరీక్షలో నెగ్గిన పిల్లలకు చదువు, భోజనం, వసతి ఒకేచోట సమకూర్చడం వీటి పద్ధతి.

పి.వి. కేంద్రంలో మానవ వనరుల శాఖ చూస్తున్న కాలంలోనే 1985–86లో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలలో తొలి నవోదయ విద్యాలయాలు ఆరంభమయ్యాయి. జిల్లాకొకటి చొప్పున, ఆరవ తరగతిలో ప్రవేశం. కనీసం 75 శాతం స్థానాలు గ్రామీణులవి, మూడవ వంతు బాలికలవి. మొదట ప్రాంతీయ భాషలో బోధించి, తరువాత గణిత, విజ్ఞానశాస్త్రాలకు ఇంగ్లీషును, సాంఘిక శాస్త్రాలకు హిందీని మాధ్యమంగా చేస్తారు.

ఎంపిక పరీక్షను గమనించండి. 80 ప్రశ్నలలో 40 బొమ్మలతో కూడినవి; వాటికి భాషతో పెద్దగా పని లేదు. తక్కినవి గణితానికి 20, భాషకు 20. అంటే సగం మార్కులు భాషాభేదాన్ని దాటి బుద్ధిని చూస్తాయి, మిగిలిన సగంలో భాష అడ్డు నిలుస్తుంది. లెక్క చేయగలిగిన పిల్లవాడు లెక్కలోని వాక్యం అర్థంకాక ఆగిపోతే, అక్కడ కొలిచింది గణితజ్ఞానం కాదు. ఇంట తెలుగు, బడిలో కన్నడమో ఒడియానో ఉన్న బిడ్డకు ఈ ప్రమాదం ఎక్కువ. తెలుగులో ప్రశ్నపత్రమిచ్చినా చిక్కు పూర్తిగా తీరదు. బళ్ళారిలోనో బరంపురంలోనో వాడుకలో ఉన్న తెలుగు వేరు, అచ్చులోని తెలుగు వేరు.

సరిహద్దుల ప్రభావం కూడ తక్కువది కాదు. పుదుచ్చేరిలో భాగమైన యానాంకు నవోదయ ఉన్నది. హోసూరు బిడ్డకు అటువంటి బడి అందుబాటులోకి రాలేదు. 1968 నుండి ద్విభాషా విధానాన్ని పాటిస్తున్న తమిళనాడు, హిందీ బోధన ఉన్న ఈ పథకాన్ని అంగీకరించలేదు. వివాదం న్యాయస్థానాలకెక్కింది. ఆ రాష్ట్రపు భాషాభిమానాన్ని మేము తప్పుపట్టడం లేదు. పెద్దల భాషావివాదంలో పిల్లల అవకాశం చిక్కుకొన్నదని మాత్రమే చెబుతున్నాము.

ప్రతిభకు మాతృభాష లేదు. దానిని బయటపెట్టడానికి మాత్రం భాష కావాలి. కాబట్టి రేపు మీలో ఉపాధ్యాయులయ్యేవారు, వెనుకబడినట్లు కనిపించే బిడ్డను ఒకసారి ఆ బిడ్డ ఇంటిమాటలో ప్రశ్నించి చూడండి. మందబుద్ధి అని ముద్రవేయడానికి ముందు చేయవలసిన పరీక్ష అదే.