‘స్త్రీ’ పట్టని తెర

‘స్త్రీ’ అని ఒకసారి కాగితమ్మీద రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద త వత్తు, దానికి తోడు క్రారవడి. ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి, మనవి ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. మానిటర్ కొనడానికి ఈ సంగతితో పనేంటంటారా? ఉంది.

1981లో ఐబీఎం పీసీకి సీజీఏ అనే రంగుల కార్డు వచ్చింది. తెరమీద అడ్డంగా 640, నిలువుగా 200 చుక్కలు. వరసకి 80 అక్షరాల చొప్పున 25 వరసలు. భాగించి చూస్తే ఒక్కో అక్షరానికి దక్కేది ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఆ 80 కూడా తెర కోసం పుట్టిన లెక్క కాదు, 1928 నాటి పంచ్ కార్డుల అలవాటు. ఎనిమిది చుక్కల ఎత్తులో ఇంగ్లీషు ‘ఎ’ హాయిగా ఇమిడిపోతుంది. ‘స్త్రీ’ ఎలా ఇముడుతుంది?

1987లో వీజీఏ 640×480 తెచ్చింది. చుక్కలు పెరిగాయి గానీ 4:3 ఆకారం మాత్రం పాతదే. 1890ల్లో ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ సినిమా ఫిల్ముకి పెట్టిన చట్రం అది. టీవీకి, అక్కణ్ణుంచి కంప్యూటర్‌కి వచ్చింది. తర్వాత 16:9 కూడా టీవీ పుణ్యమే. 1024×768 తెరలు పోయి 1366×768 లాప్‌టాప్‌లొచ్చాయి. పెరిగిందంతా అడ్డంగానే, ఎత్తు ఆ 768 దగ్గరే ఆగిపోయింది. వత్తుల కోసం వరసల మధ్య ఎడం ఎక్కువ కావలసిన మనకి ఇది నష్టమే. సినిమా చూసేవాళ్ళకి లాభం, చదివేవాళ్ళ గురించి ఎవరాలోచించారు గనక!

2010లో ఐఫోన్ 4 అంగుళానికి 326 చుక్కలతో వచ్చింది. బల్లమీది తెరలేమో చాలామటుకు 96 చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. అక్కడ మసకబారిన వత్తు ఫోనులో చెక్కినట్టు కనబడింది.

అందుకే అంగుళాలు చూసి మోసపోవద్దు. 1920×1080 రిజల్యూషన్‌తో 24 అంగుళాల తెర కొంటే అంగుళానికి 92 చుక్కలు. అదే రిజల్యూషన్‌తో 27 అంగుళాలది కొంటే 82కి పడిపోతాయి, తెర పెద్దదైనా అక్షరం గరుకెక్కుతుంది. 2560×1440 అయితే 109. 3840×2160 అయితే 163, స్కేలింగ్ 150 శాతం పెట్టుకుని చదవడానికి నా ఓటు దానికే. దుకాణంలో మెరిసే డెమో వీడియో ఆపించి, ఒక తెలుగు పేజీ తెరవమనండి. క్రారవడి కేసి చూడండి.