గుడ్డులోకి దూరిన వెలుగు

మెదడు రెండు సగాలూ ఒకే పని చెయ్యవన్న సంగతి 1865 నాటికి ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా తేల్చాడు: మాటకి ఆధారం ఎడమ సగం. ఆ తర్వాత వందేళ్ళపాటు ఈ కుడి ఎడమల తేడా మనిషికే ఉందని నమ్మారు. 1970ల్లో శాస్త్రవేత్త ఫెర్నాండో నొటెబామ్ పక్షుల్లో కూతకి ఎడమవైపు నరమే ముఖ్యమని చూపాక ఆ నమ్మకం కదిలింది.

దాన్ని పూర్తిగా పడగొట్టింది కోడిపిల్ల. కోడి తలలో ఏముందో చూసింది ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్. ఎడమ సగానికి మందు ఎక్కించిన పిల్లలు గింజనీ గులకరాయినీ వేరు చెయ్యలేకపోయాయని 1979లో చూపింది. 1982లో ఇంకా గొప్ప సంగతి బయటపెట్టింది. పొదిగే చివరి రోజుల్లో పిల్ల ఎడమ కన్ను దాని ఒంటికే ఆనుకుని మూసుకుపోతుంది, కుడి కన్ను పెంకువైపు ఉంటుంది. పెట్ట మేతకి లేచినప్పుడు పెంకులోంచి దూరే వెలుగు ఆ ఒక్క కంటికే తగులుతుంది. చూపుతో చేసే కొన్ని పనులు రెండు సగాల మధ్య విడిపోవడానికి ఆ కాస్త వెలుగే కారణం. ఇంత చిన్న ఏర్పాటులో ఇంత పెద్ద ఫలితం ఉండటం నాకు ఇప్పటికీ అబ్బురమే.

గుంపు బతుకులో దీని విలువ తర్వాత తెలిసింది. గుడ్డులో వెలుగు తగిలిన పిల్లల గుంపులో మేత దగ్గర ఎవరు ముందన్న వరస నిలకడగా ఉందని, చీకట్లో పొదిగిన పిల్లల్లో అలా లేదని 1989లో రోజర్స్, తోటి శాస్త్రవేత్త వర్క్‌మన్ రాశారు. 1992లో ఇటలీ శాస్త్రవేత్త వల్లోర్తిగరా తోటిపిల్లనీ కొత్తపిల్లనీ వేరుగా పోల్చుకునేది ఎడమ కన్నని, అంటే దాని చూపు చేరే కుడి మెదడని చూపాడు. 2004లో రోజర్స్, వల్లోర్తిగరా కలిసి చేసిన పరీక్షలో వెలుగు పిల్లలు గింజలు ఏరుకుంటూనే పైన గద్ద బొమ్మని కనిపెట్టాయి. చీకటి పిల్లలకి రెండూ ఒకేసారి కుదరలేదు.

అనపర్తి, తణుకు చుట్టూ ఇన్ని కోళ్ళ ఫారాలున్నాయి. వాటికి పిల్లల్నిచ్చే హ్యాచరీ యంత్రాల్లో మాత్రం గుడ్లు సాధారణంగా 21 రోజులూ చీకట్లోనే ఉంటాయి. గన్నవరం పశువైద్య కళాశాల, మన హ్యాచరీలు కలిసి కొన్ని ట్రేలకి చివరి మూడు రోజులు వెలుగిచ్చి, ఆ పిల్లలు షెడ్డులో ఎలా మసలుతాయో మిగతావాటితో పోల్చి చూడాలి.