సభామర్యాద: పుదుచ్చేరి చరిత్ర చెప్పే పాఠం

పదిమంది కలిసి మాట్లాడుకునే చోట నియమాలు ఉండక తప్పదు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు వినాలి. ఎవరైనా హద్దు మీరితే ఆపడానికి ఒక పెద్ద ఉండాలి. అయితే నియమాలన్నీ ఒకే పని చేయవు. కొన్ని మాటకు చోటిస్తాయి, కొన్ని మనిషిని గుమ్మం బయటే నిలబెడతాయి. పుదుచ్చేరి చరిత్రలోని రెండు ఘట్టాలు ఈ తేడాను చక్కగా తెలియజేస్తాయి.

మొదటిది 1873 నాటిది. అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారి పాలనలో ఉంది. పొన్నుతంబి పిళ్ళై అనే భారతీయ న్యాయవాది ఐరోపా తరహా బూట్లు తొడుక్కుని కోర్టుకు వచ్చారు. భారతీయుడు అలా రావడం మర్యాద కాదని న్యాయమూర్తి అడ్డు చెప్పారు. ఆయన ఏమి వాదించబోతున్నారన్నది ఎవరికీ పట్టలేదు; కాలికి ఏమి తొడిగారన్నదే పెద్ద విషయమైంది. ఆయన పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి గెలిచారు. తరువాత 'లాపోర్త్' అనే ఇంటిపేరు పెట్టుకున్నారు. ఫ్రెంచిలో ఆ మాటకు 'తలుపు' అని అర్థం.

రెండవది స్వతంత్ర భారతంలోనిది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారతదేశం చేతికి వచ్చింది. 1963లో పార్లమెంటు చేసిన కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం ప్రకారం ఇక్కడ శాసనసభ ఏర్పడింది. నియమాలకు లోబడి సభ్యులకు వాక్‌స్వాతంత్ర్యం ఉంటుందని, సభలో అన్న మాటకు కోర్టులో కేసు ఉండదని ఆ చట్టం చెప్పింది. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విధి నిర్వహణ గురించి చర్చించరాదని హద్దు కూడా గీసింది.

అదే చట్టంలో మరో ఏర్పాటు ఉంది. సభా వ్యవహారాలు ఆ ప్రాంతపు అధికార భాషల్లోగాని, హిందీలోగాని, ఇంగ్లీషులోగాని జరగాలి. వాటిలో తన భావం సరిగా చెప్పలేని సభ్యుడిని మాతృభాషలో మాట్లాడేందుకు స్పీకరు అనుమతించవచ్చు. 1965 నాటి అధికార భాషా చట్టం యానాంలో తెలుగుకు స్థానం కల్పించింది. గోదావరి తీరంలోని యానాం పుదుచ్చేరి పట్టణానికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. ఎన్నికయ్యే 30 మంది సభ్యుల్లో యానాం ప్రతినిధి ఒక్కరే. సభను నడిపే నియమం బాగుందో లేదో తెలిసేది ఇలాంటి ఒంటరి గొంతు దగ్గరే.

స్పీకరు చేతిలోని అధికారం మాటను ఆపగలదు, మాటకు దారీ ఇవ్వగలదు. కోర్టు అయినా, శాసనసభ అయినా, నేడు మనం కంప్యూటరు తెరపై జరిపే చర్చ అయినా, ఒక నియమం పెట్టేముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: దీనివల్ల ఎవరి మాట వినబడుతుంది, ఎవరి మాట ఆగిపోతుంది?