కోరంగీలు: బల్ల దగ్గర లేని మనుషులు

కోరంగి రేవు 1839 తుఫానుతో చితికిపోయింది. దాని పేరు మాత్రం సముద్రం దాటి బర్మాలో నిలిచింది. తెలుగు కూలీ ఏ జిల్లావాడైనా అక్కడ 'కోరంగీ'యే. ఆ పిలుపులో తిరస్కారమూ ఉంది. పొరుగు దేశాలు కూర్చుని వలసలను నియంత్రించుకోవడమంటే ఏమిటో ఈ కోరంగీ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

విశాఖ, గోదావరి జిల్లాల పేదలు 'రంగం' వెళ్ళింది మేస్త్రీ చేతి బయానాతో. రంగూనును మన పల్లెలు అలాగే పిలిచాయి. ఓడ చార్జీ అప్పు, తిండి అప్పు. కూలి చేతికి రాకముందే మేస్త్రీ వాటా. 1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మీయులను పనిలో దింపారు. రాజీ కుదరగానే, మే 26న, ఆ బర్మీయులను పొమ్మన్నారు. లాభం పంచుకున్నవారు ఇళ్ళలో ఉన్నారు. రేవులో ఎదురుపడింది ఇద్దరు ఆకలిగొన్నవాళ్ళు. కొద్ది రోజుల్లో వంద మందికి పైగా చనిపోయారు. వారిలో అధికులు తెలుగువారు.

బర్మీయుల కోపాన్ని వట్టి జాతిద్వేషమని కొట్టివేస్తే అది మన పక్షపాతమే అవుతుంది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూనులో సగానికి మించి భారతీయులే. అదే కాలంలో ధాన్యం ధర పడిపోయి, బర్మీయ రైతుల భూములు వడ్డీ వ్యాపారుల పాలయ్యాయి. అయితే ఆ కోపానికి అందుబాటులో దొరికినవాడు కూలీ.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. అంతవరకూ జిల్లా దాటినట్టు దాటిన సముద్రం సరిహద్దయింది. 1938లో మళ్ళీ అల్లర్లు, ఆపైన బాక్స్టర్ విచారణ. చివరకు 1941లో భారత ప్రతినిధి గిరిజాశంకర్ బాజ్‌పాయ్‌కీ, బర్మా ప్రధాని ఊ సాకూ మధ్య వలస ఒప్పందం కుదిరింది. పుట్టుకను బట్టి, నివసించిన ఏళ్ళను బట్టి మనుషులను వర్గాలు చేశారు; కొత్తగా వచ్చేవారికి పర్మిట్లు పెట్టారు. గాంధీ సహా మన నాయకులు ఖండించారు. ఆ ఖండనలో వర్తకుల ఆస్తుల చింత ఎంత, కూలీ చింత ఎంత అన్నది మన విమర్శకులు విడదీసి చూడవలసిన విషయం. ఏమైనా, బల్లకు ఇరువైపులా కూర్చున్నది మంత్రులూ అధికారులే.

ఒప్పందం సక్రమంగా అమలు కాకముందే, 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడ్డాయి. సుమారు ఐదు లక్షల మంది భారతీయులు తరలివచ్చారు. వారిలో ఎందరో అరకాన్, మణిపురం అడవుల గుండా కాలినడకన వచ్చినవారే. వేలమంది దారిలోనే రాలిపోయారు. ఆ దారిలో పర్మిటు అడిగినవాడు లేడు. మిగిలినవారిలో ఎందరినో 1964 తర్వాత నే విన్ ప్రభుత్వ జాతీయీకరణ తిప్పి పంపింది. విశాఖలోని బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే.

అదే 1964 అక్టోబరులో శాస్త్రి, సిరిమావో కలిసి సింహళ తోటల కూలీలను లెక్కవేశారు: 5,25,000 మంది మనకు, 3,00,000 మంది వారికి. మిగిలిన లక్షన్నరను 1974లో చెరిసగం చేశారు. పాఠశాలలో భాగహారం నేర్పే నాకు ఆ లెక్క చదివినప్పుడల్లా చేతిలో సుద్దముక్క బరువెక్కుతుంది.

2003లో, కొలంబోలో, కార్మికులను పంపే ఆసియా దేశాలు కొన్ని 'కొలంబో ప్రక్రియ' మొదలుపెట్టాయి. భారతదేశం అందులో ఉంది. కార్మికుల నియామకం ఎలా జరగాలన్నది కూడా అక్కడి చర్చనీయాంశాల్లో ఒకటి. అంటే, ఇన్నాళ్ళకు మేస్త్రీ సంగతి బల్ల మీదికి వచ్చింది. కాని ఆ తీర్మానాలకు ఎవరూ కట్టుబడి తీరవలసిన పని లేదు.